కాడికి రెండు ఇంజిన్లు

ప్రకాశం జిల్లా ఊళ్లలో సంక్రాంతికీ, తిరునాళ్లకీ జరిగే బండలాగుడు పోటీలను దగ్గర నుంచి చూసినవాళ్లకు రెండు ఇంజిన్ల విమానం సంగతి సగం తెలిసినట్టే. ఒంగోలు గిత్తల జత ఒకే అడుగుగా కదులుతున్నంతసేపూ బండ గీత గీసినట్టు వస్తుంది. దాపటి గిత్త కాలు జారి ఒక్క క్షణం ఆగిందనుకుందాం. వలపటిది లాగుతూనే ఉంటుంది. బండ ముందుకు రావడం మానేసి ఎడమకు తిరుగుతుంది. అప్పుడు వలపటి గిత్తను ఇంకా అదిలిస్తే వంకర ఇంకా పెరుగుతుంది. చేయి తిరిగినవాడు ముందు ఆ లాగేదాన్ని నిలవరిస్తాడు, జతను సరిచేసుకుంటాడు, ఆ తర్వాతే మళ్లీ అదిలిస్తాడు.

రెక్కకొక ప్రొపెల్లర్ చొప్పున ఉన్న పాతకాలపు విమానాలన్నిటికీ ఇదే సూత్రం. యుద్ధకాలపు రవాణా విమానం డకోటా అయినా, దానికంటే చిన్నదైన బీచ్ 18 అయినా, ఇవాళ ఫ్లయింగ్ స్కూళ్లలో రెండు ఇంజిన్ల శిక్షణకు వాడే పైపర్ సెనెకా అయినా, పొలంలో ఎగరేసే ఫోమ్ మోడల్ అయినా తేడా లేదు. చాలామంది మనసులో మాత్రం రెండో ఇంజిన్ అంటే కారు డిక్కీలో పడుకున్న స్టెప్నీ లాంటిది. ఒకటి పోయినా ఇంకొకటి ఉందిగా అన్న ధైర్యం. స్టెప్నీ పనిపడేదాకా కదలదు. రెండో ఇంజిన్ మొదటి నిమిషం నుంచీ సగం బరువు లాగుతూనే ఉంటుంది. జతలో ఒకటి ఆగితే మిగిలినది సాయం చేస్తుంది, అది నిజమే. కానీ అంతకంటే ముందు విమానాన్ని పక్కకు తిప్పేస్తుంది. ఈ ముందూ వెనకా తెలియకపోవడమే ఈ జాతి విమానాలతో వచ్చే చాలా ప్రమాదాలకు మూలం.

ఆ తిరుగుడు ఎలా మొదలవుతుందో చూద్దాం. ఎడమ ఇంజిన్ ఆగిన క్షణంలో కుడి ఇంజిన్ లాగుడు ముక్కును ఎడమకు తిప్పుతుంది. ఆగిన ప్రొపెల్లర్ ఊరికే ఉండదు. ఎదురుగాలికి గిర్రున తిరుగుతూ పెద్ద పళ్లెం అడ్డం పెట్టినట్టు గాలిని ఆపుతుంది, ముక్కు ఇంకా ఎడమకు పోతుంది. ప్రొపెల్లర్ వెనక్కి తోసే గాలి రెక్క మీదుగా పోతూ కొంత ఎత్తుబలం ఇస్తుంటుంది. ఎడమ రెక్కకు అదీ పోయింది కాబట్టి ఆ రెక్క కిందికి వాలుతుంది. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి రావు, కలిసే వస్తాయి.

వీటికి విరుగుడు తోక మీది చుక్కాని, అంటే రడ్డర్. కుడి పెడల్‌ను బలంగా తొక్కితే ముక్కు మళ్లీ దారికొస్తుంది. అయితే చుక్కానికి బలం ఇచ్చేది వేగం. వేగం సగానికి పడితే చుక్కాని బలం నాలుగో వంతుకు పడిపోతుంది. కుడి ఇంజిన్ లాగుడు మాత్రం తగ్గదు. కాబట్టి ఒకానొక వేగం దగ్గర ఇంజిన్‌దే పైచేయి అవుతుంది. పెడల్‌ను నేలకు ఆనేలా తొక్కినా ముక్కు ఆగదు. ఆ వేగాన్ని కొత్తరకం విమానాల స్పీడ్ మీటర్ మీద ఎర్రగీతతో చూపిస్తారు. ఒకే ఇంజిన్‌తో బాగా పైకెక్కగలిగే వేగానికి నీలిగీత ఉంటుంది. రెండు ఇంజిన్ల పైలట్ చదువంతా ఆ రెండు గీతల మధ్యనే ఉందంటే అతిశయోక్తి కాదు.

దాపటిది ఆగితే ఒక రకం, వలపటిది ఆగితే ఇంకో రకం. డకోటాలో రెండు ప్రొపెల్లర్లూ, పైలట్ సీట్లోంచి చూస్తే, గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతాయి. ముక్కు పైకెత్తి ఎక్కుతున్నప్పుడు కిందికి దిగే బ్లేడుకు గాలి ఎక్కువ చిక్కుతుంది, అంటే ప్రతి ప్రొపెల్లర్‌లోనూ కుడి సగమే ఎక్కువ లాగుతుంది. దానివల్ల కుడి ఇంజిన్ లాగుడు విమానం నడుముకు కాస్త దూరం జరుగుతుంది, ఎడమ ఇంజిన్‌ది కాస్త దగ్గరకొస్తుంది. గునపాన్ని చివర పట్టుకుని ఎత్తితే బండ సులువుగా లేస్తుంది కదా, అలాగే దూరంగా ఉన్న లాగుడు ఎక్కువ తిప్పుతుంది. కాబట్టి ఎడమది ఆగి కుడిది మిగిలితేనే ఎక్కువ కష్టం. సెనెకాలో ఈ బాధ లేకుండా కుడి ప్రొపెల్లర్ ఎదురు దిశలో తిరిగేలా చేశారు, ఏ వైపు ఆగినా ఇబ్బంది ఒకటే.

ఇక ఎక్కే బలం సంగతి. ఒక ఇంజిన్ పోతే సగం బలం పోయింది, సగం ఉందిగా అనిపిస్తుంది. కానీ ఉన్న బలంలో ఎక్కువ భాగం విమానాన్ని గాల్లో నిలబెట్టడానికే ఖర్చయిపోతుంది. అది పోను మిగిలినదే పైకి ఎక్కిస్తుంది. జీతం సగమైతే ఇంటి అద్దె సగం కాదు కదా, పోయేదంతా మిగులులోంచే పోతుంది. అందుకే చిన్న రెండు ఇంజిన్ల విమానాల్లో ఒక ఇంజిన్ ఆగితే ఎక్కే సామర్థ్యంలో 80 శాతం, అంతకుమించి కూడా, పోతుంది.

ఈ లెక్క తెలిసినవాళ్లలో చాలామంది 1930ల మొదట్లో రెండు ఇంజిన్లను నమ్మలేదు. అమెరికాలోని టీడబ్ల్యూఏ అనే విమానయాన సంస్థ 1932లో కొత్త విమానం కావాలని కంపెనీలకు ఉత్తరాలు రాసినప్పుడు అడిగింది మూడు ఇంజిన్ల విమానాన్నే. డగ్లస్ కంపెనీ రెండు చాలంది. టీడబ్ల్యూఏకి సాంకేతిక సలహాదారుగా ఉన్న చార్లెస్ లిండ్‌బర్గ్ ఒక షరతు పెట్టాడు: సంస్థ విమానాలు దిగే ఏ ఊళ్లో అయినా సరే, పూర్తి బరువుతో ఒక ఇంజిన్ ఆగినా పైకి లేవాలి. సముద్రమట్టానికి దాదాపు 4,900 అడుగుల ఎత్తున ఉన్న విన్‌స్లో అనే ఊళ్లో 1933లో పరీక్ష జరిగింది. డగ్లస్ తయారుచేసిన డీసీ-1 నేల విడుస్తుండగా ఒక ఇంజిన్ ఆపేశారు. అది మిగిలినదానితోనే ఎక్కి, ఆల్బుకర్కీ దాకా వెళ్లి దిగింది. దాని వారసురాలు డీసీ-3 తొలిసారి ఎగిరింది 1935 డిసెంబర్ 17న. సైన్యం కోసం చేసిన రూపానికి బ్రిటిష్ వాళ్లు పెట్టిన పేరు డకోటా, మన దేశంలో స్థిరపడింది ఆ పేరే.

విన్‌స్లోలో గెలిచింది రెండో ఇంజిన్ ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఒంటి ఇంజిన్‌తో లేవాల్సి వస్తుందని పైలట్ ముందే సిద్ధపడి ఉన్నాడు. ఆ సిద్ధం లేనివాళ్లకు అదే విమానం వేరేగా ప్రవర్తిస్తుంది. ఆ తర్వాత కొన్నేళ్లకే ఇంకో మేలు జరిగింది. ఆగిన ప్రొపెల్లర్ బ్లేడ్లను నూనె ఒత్తిడితో తిప్పి, కత్తి అంచులా గాలికి ఎదురుగా నిలబెట్టే ఏర్పాటు వచ్చింది. దాన్ని ఫెదరింగ్ అంటారు. కాక్‌పిట్‌లో ఒక బటన్ నొక్కితే ఆ పళ్లెం అడ్డు తొలగిపోతుంది. డకోటాకు ఒంటి ఇంజిన్ మీద అంత మంచి పేరు రావడానికి సగం కారణం ఈ బటనే.

స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో మన ఆకాశం నిండా డకోటాలే. హైదరాబాద్ బేగంపేట నుంచి నడిచిన డక్కన్ ఎయిర్‌వేస్ మద్రాసుకు నడిపింది కూడా ఇవే. మ్యాప్ మీద హైదరాబాద్ నుంచి మద్రాసుకు గీత గీస్తే అది మార్కాపురానికి దగ్గరగా వచ్చి, ఉదయగిరి కొండల పక్కగా నెల్లూరు జిల్లా పడమటి అంచు మీదుగా పోతుంది. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్ ఉద్యోగం చేసింది డక్కన్ ఎయిర్‌వేస్‌లోనే. 1947 అక్టోబర్ 27న శ్రీనగర్‌లో సిక్కు రెజిమెంట్ సైనికులను దించినవీ డకోటాలే. ఆ జ్ఞాపకంగా వీపీ905 అన్న నంబరుతో, పరశురామ అన్న పేరుతో ఒక డకోటా 2018లో ఇంగ్లండ్ నుంచి ఎగిరొచ్చి మన వాయుసేనలో చేరింది.

అలాంటి విమానాన్ని స్టార్ట్ చేయడమే ఒక పెద్ద పని. డకోటా ఇంజిన్‌లో 14 సిలిండర్లు పువ్వు రేకుల్లా చుట్టూ ఉంటాయి. రాత్రంతా నిలబడితే నూనె కారి కింది సిలిండర్లలో చేరుతుంది. నూనె అణగదు. అలాగే స్టార్టర్ నొక్కితే పిస్టన్ దానికి గుద్దుకుని లోపలి కడ్డీ వంగుతుంది. అందుకే పొద్దున్నే మెకానిక్కులు ఒకరి తర్వాత ఒకరు బ్లేడు పట్టుకుని, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పుతారు. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలవంతం చేయరు. కింది స్పార్క్ ప్లగ్ విప్పి నూనె వదిలేస్తారు. ఆ తర్వాతే స్టార్టర్. కొన్ని బ్లేడ్లు తిరిగాక స్పార్క్ ప్లగ్‌లకు కరెంటు ఇచ్చే మాగ్నెటో వేస్తారు, ఒక సిలిండర్ అందుకుంటుంది, ఇంకొకటి అందుకుంటుంది, తెల్లటి పొగ రెక్కను కప్పేస్తుంది, అప్పుడు పద్నాలుగూ కలుస్తాయి. ఇంత చాకిరీ, గంటకు సుమారు 350 లీటర్ల పెట్రోలు, అరుదైపోయిన విడిభాగాలు. ఇన్నిటి మధ్య డకోటాను ఎగిరే స్థితిలో ఉంచుతున్నవాళ్లకు చేతులెత్తి మొక్కాలి. మ్యూజియంలో నిలబెట్టిన విమానం ఆకారం చూపిస్తుంది గానీ, ఒక ఇంజిన్ తగ్గినప్పుడు పైలట్ కాలికి ఏం తెలుస్తుందో చూపించదు.

ఆ తెలివిడిని తక్కువ ఖర్చుతో అందించేది మోడల్ విమానం. అయితే అది పెద్దదానికి చిన్న బొమ్మ అనుకుంటే మోసపోతాం. కొలతలన్నీ ఒకే లెక్కన చిన్నవి కావు. డకోటా రెక్కల పొడవు 29 మీటర్లు. 20వ వంతుకు తగ్గిస్తే 1.45 మీటర్లు, రెండు చేతులూ చాపితే దాదాపు అందే పొడవు. బరువు మాత్రం 20తో మూడుసార్లు భాగించాలి, అంటే 8,000వ వంతు. నిండా లోడుతో 11,430 కిలోలుండే డీసీ-3కి సరితూగే మోడల్ కిలోన్నర లోపే ఉండాలి. వేగాన్ని 20 వర్గమూలంతో, అంటే సుమారు నాలుగున్నరతో భాగించాలి. పెద్దది గంటకు 108 కిలోమీటర్ల దగ్గర గాల్లో నిలవలేక జారితే, మోడల్ 24 దగ్గర జారుతుంది. పొలం గట్టు మీద సైకిల్ తొక్కే వేగం కంటే కాస్త ఎక్కువ.

అసలు చిక్కు కాలం దగ్గర ఉంది. మోడల్‌లో ప్రతి కదలికా నాలుగున్నర రెట్లు తొందరగా జరుగుతుంది. పెద్ద విమానంలో ముక్కు చేయి దాటిపోవడానికి నాలుగు సెకన్లు పడితే, మోడల్‌లో ఒక్క సెకను లోపే. నేల మీద నిలబడ్డవాడికి పెడల్ లేదు, ఒంటికి తెలిసే ఒరుగు లేదు, కళ్లే ఆధారం. పైగా వాలిన రెక్కను లేపడానికి చేయి ఐలరాన్, అంటే రెక్క వెనక అంచున కదిలే పలక, మీదికే పోతుంది. వేగం తక్కువగా ఉన్నప్పుడు ఐలరాన్ ఆ వాలిన రెక్కకు ఇంకా గాలి అడ్డు పెడుతుంది, దాంతో మోడల్ సుడి తిరిగి పడుతుంది. ఇంధనంతో నడిచే గ్లో ఇంజిన్ల కాలంలో రెండు ఇంజిన్ల మోడళ్లు ఎక్కువగా ఇలాగే పోయేవి. ఏదో ఒక ఇంజిన్‌కు ఇంధనం పలచబడి ముందుగా ఆగిపోయేది.

బ్యాటరీ మోటార్లు వచ్చాక ఆ టెన్షన్ చాలావరకు తగ్గింది. రెండు మోటార్లకూ ఒకే బ్యాటరీ నుంచి కరెంటు ఇస్తే తగ్గినప్పుడు రెండూ కలిసే తగ్గుతాయి. చెరో బ్యాటరీ పెడితే బరువు సర్దడం సులువే, కానీ ఒకటి ముందుగా నీరసించే ప్రమాదాన్ని చేజేతులా తెచ్చుకున్నట్టే. మోటారు వేగాన్ని నియంత్రించే ఈఎస్సీలు రెండూ ఒకే కంపెనీవి, ఒకే రకానివి అయి ఉండాలి, రెండింటికీ థ్రాటిల్ అడుగూ పైకొసా ఒకేలా నేర్పించాలి. చాలా ఈఎస్సీలు మోడల్‌లోని రేడియో రిసీవర్‌కు కూడా కరెంటు పంపుతాయి. ఇద్దరు పంపితే పొత్తు కుదరదు కాబట్టి ఒకదాని ఎర్రతీగను పిన్ను లాగి, టేపు చుట్టి పక్కన పెడతారు. ఈ చిన్న పని మర్చిపోవడం వల్ల రిసీవరే ఆరిపోయిన మోడళ్లు ఉన్నాయి. కుదిరితే ప్రొపెల్లర్లు ఎదురుబొదురుగా తిరిగేవి పెట్టుకోవడం, రడ్డర్‌తో పాటు మోటార్ల వేగం కూడా మారేలా ట్రాన్స్‌మీటర్‌లో కలపడం మంచివే. రెండోది నేల మీద మలుపులకు బాగా పనికొస్తుంది. గాల్లో మాత్రం ఆ కలుపు తీసేయడమే మేలు, లేకపోతే తక్కువ వేగంలో కొట్టిన రడ్డర్ మనంతట మనమే ఒక ఇంజిన్ తగ్గించుకున్నట్టు అవుతుంది.

జత కుదిరిందో లేదో చెప్పే మీటర్ చెవే. మూడు బ్లేడ్ల ప్రొపెల్లర్లు నిమిషానికి 9,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కోటి సెకనుకు 450 సార్లు గాలిని కొడుతుంది. రెండోది ఒక్క శాతం తక్కువ తిరిగితే సెకనుకు నాలుగైదు సార్లు వోం, వోం, వోం అని శబ్దం ఉబ్బి తగ్గుతుంది. తేడా తగ్గేకొద్దీ ఆ ఊపు నెమ్మదిస్తుంది, పూర్తిగా కలిస్తే ఒకే శ్రుతి. డకోటా పైలట్లు లివర్లు జరుపుతూ ఇంజిన్లను కలిపింది ఈ వోంకారం విని కూడా.

మన జిల్లాల గాలికి వస్తే, ఎండాకాలమే పెద్ద పరీక్ష. విమానాల లెక్కలన్నీ సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలను ప్రమాణంగా తీసుకుంటాయి. ఒంగోలులోనో నెల్లూరులోనో మే నెలలో 45 డిగ్రీలు కాసినప్పుడు గాలి సాంద్రత తొమ్మిది శాతానికి పైగా తగ్గుతుంది. నేల మీద నిలబడి ఉన్నా, విమానానికి అది సుమారు 3,300 అడుగుల ఎత్తున ఉన్నట్టు లెక్క. ఒంటి ఇంజిన్‌తో ఎక్కడానికి మిగిలే ఆ కొంచెం బలాన్ని మొదట మింగేది ఈ వేడే. పొద్దున ఎక్కగలిగిన చిన్న విమానం మధ్యాహ్నం అదే బరువుతో ఎక్కలేకపోవచ్చు. మోడళ్లకైతే వడగాలి ఒక బాధ, మధ్యాహ్నం దాటాక తూర్పు నుంచి తోసుకొచ్చే సముద్రపు గాలి ఇంకో బాధ. గంటకు 24 కిలోమీటర్ల దగ్గర జారే మోడల్‌కు 20 కిలోమీటర్ల గాలి అంటే తుఫానే. సూర్యోదయం తర్వాత మొదటి గంటన్నరే మంచి కాలం. కొత్తపట్నం, మైపాడు తీరాల్లో చోటుకు కొదవ లేదు గానీ, ఇసుక మోటారు అయస్కాంతాల్లో దూరుతుంది, ఉప్పుగాలి బేరింగులను తింటుంది. చుట్టూ రొయ్యల చెరువులు ఉంటే పడిన మోడల్ మీద ఆశ వదులుకోవడమే. కోత అయిపోయిన వరి మడి, నీళ్లెండిన చెరువు గర్భం వీటన్నిటికంటే నయం.

నిబంధనలూ కష్టమైనవేం కావు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటి 2 కిలోల లోపు ఉండేవి మైక్రో తరగతి. వ్యాపారం కోసం కాకుండా ఎగరేసుకుంటే దానికి పైలట్ లైసెన్స్ అక్కర్లేదు. కిలోన్నర డకోటా అందులోనే ఇముడుతుంది. ఎక్కడ ఎగరేయవచ్చో రంగులతో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఎగరేసే చోటు ఏ రంగులో ఉందో చూసుకోవాలి. శ్రీహరికోట చుట్టూ ఆకాశానికి ఆంక్షలు ఉన్నాయి కాబట్టి నెల్లూరు దక్షిణాన ఉండేవాళ్లు ఈ పని మరీ తప్పనిసరిగా చేయాలి.

పెద్ద విమానాలకు కూడా ఈ నేల కొత్త కాదు. దొనకొండలో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ వాళ్లు వేసిన రన్‌వే ఉంది. అద్దంకి పక్కన కొరిశపాడు దగ్గర, 16వ నంబరు జాతీయ రహదారినే అత్యవసర రన్‌వేగా తీర్చిదిద్దారు. 2024 మార్చి 18న వాయుసేన యుద్ధవిమానాలు దాని మీదుగా కిందికొచ్చి వెళ్లాయి. నిజంగా దిగి, మళ్లీ లేచినవి మాత్రం ఏఎన్-32, డోర్నియర్. రెండూ రెక్కకొక ప్రొపెల్లర్ ఉన్నవే. లోపల ఉన్నది టర్బైన్, చేసేది డకోటా చేసిన పనే. నిన్నటిదాకా లారీలు పోయిన రోడ్డు మీద దిగాలంటే నెమ్మదిగా రాగలగాలి, తక్కువ దూరంలో ఆగి తక్కువ దూరంలో లేవగలగాలి. ఆ పనికి ప్రొపెల్లర్ జతను మించినది ఇప్పటికీ రాలేదు.

ఇంత అనుభవం పోగైనా తప్పు జరిగే చోటు మారలేదు. 2015 ఫిబ్రవరి 4న తైపేలో ట్రాన్స్‌ఏషియా వారి ఏటీఆర్ 72 లేచిన కాసేపటికే కుడి ఇంజిన్ ప్రొపెల్లర్ ఫెదర్ అయింది. కంగారులో పైలట్ బాగున్న ఎడమ ఇంజిన్‌ను తగ్గించి ఆపేశాడు. 43 మంది చనిపోయారు. అందుకే పాత గురువులు కాలిని నమ్మమంటారు. ముక్కును నిలబెట్టడానికి ఏ కాలు తొక్కుతోందో ఆ వైపు ఇంజిన్ బతికి ఉంది, పని లేకుండా ఉన్న కాలి వైపుది ఆగింది. ఆగిందనుకున్నదాని థ్రాటిల్‌ను మెల్లగా వెనక్కి లాగి, ఏ మార్పూ రాకపోతేనే ఫెదర్ బటన్ మీద చేయి వేయాలి. ఎర్రగీత కిందికి వేగం జారిపోతుంటే ముక్కు దించాలి, బాగున్న ఇంజిన్‌ను కూడా తగ్గించాలి. నేల దగ్గరగా ఉన్నప్పుడు, ఉన్న ఒక్క బలాన్నీ తగ్గించుకోవడానికి మనసు ఒప్పదు. అయినా తలకిందులుగా పడడం కంటే నిటారుగా ఎదురు పొలంలో దిగడం వెయ్యి రెట్లు నయం.

మోడల్‌కు కాలు సాక్ష్యం లేదు, చెవి సాక్ష్యమే ఉంది. ఒక ఇంజిన్ విమానం ఆగితే నిశ్శబ్దం వెంటనే చెప్పేస్తుంది. రెండింట్లో ఒకటి ఆగితే శబ్దం ఆగదు. ఆగేది ఆ వోంకారం. ఉబ్బుతూ తగ్గుతూ వస్తున్న ధ్వని ఉన్నట్టుండి చదునైపోయి ఒకే గొంతు మిగులుతుంది. అది వినపడగానే థ్రాటిల్ పూర్తిగా కిందికి లాగేయాలి, ఎటు వాలుతోందో ఆ తర్వాత చూసుకోవచ్చు. లాగుడు లేనప్పుడు మోడల్ మళ్లీ మామూలు గ్లైడర్. ముక్కు కొంచెం దించి, రెక్కలు సమంగా ఉంచి, దుబ్బుల మీదుగా జారనిస్తే పొట్ట గీసుకుంటూ ఆగుతుంది. దగ్గరికెళ్లి ఇంజిన్ గూడు మూత తీస్తే చాలాసార్లు కనిపించేది ఒకటే: మోటారుకూ ఈఎస్సీకీ మధ్య ఉండే మూడు కనెక్టర్లలో ఒకటి ఊడి వేలాడుతుంటుంది.